ఇరవై నాలుగు మందికి ఒక వేలు

మార్చి 3. ఎండ 48.

గుమస్తా రోజూ డైరీ రాయాలని రూలు. రాసింది ఎవరైనా చదవాలని రూలు లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎండెంత, ఉప్పెంత, నీళ్ళొచ్చాయా లేదా అని మూడు ముక్కలు గీకేసి ఊరుకునేవాణ్ణి. ఈరోజు నాలుగో ముక్క ఉంది.

మా ఉప్పుమడిపేటలో చాలామందికి రెండేసి గుర్తింపు చీటీలున్నాయట. పుట్టింటి పేరుతో ఒకటి, అత్తింటి పేరుతో ఒకటి. పోయిందనుకుని కొత్తది రాయించుకున్నాక, బియ్యం డబ్బాలో దొరికింది ఇంకొకటి. కరణం వాటిని ఏరి కలిపేస్తాడట. కరణమంటే మనిషి కాదు. నా బల్ల మీదుండే యంత్రం. పదకొండేళ్ళ కిందట తెచ్చిపెట్టారు. పేటలో అందరి చీటీలూ వాడి పొట్టలోనే ఉంటాయి. అందరి గుట్టూ తెలుసు, ఎవరి మాటా వినడు. అందుకే ఆ పేరు.

ఒకే వేలిముద్రతో రెండు చీటీలు దొరికితే, పాత చీటీ ఎవరిదో వాళ్ళని పిలుస్తాడు. "ఈ చీటీ కూడా మీదేనా?" అంటాడు. అవునని వేలు పెడితే రెండోది మొదటిదాంట్లో కలిసిపోతుంది. ఈరోజు అరవై ఒక్కటి వచ్చాయి. జనాన్ని వరసలో నిలబెట్టి వేళ్ళు పెట్టించాను. మధ్యలో నా పేరూ రెండుసార్లు పిలిచాడు. బళ్ళో నాకు రెండు పేర్లుండేవి, ఆ గొడవే అయ్యుంటుందనుకుని చదవకుండా పెట్టేశాను. వెనక జనం తోసుకుంటున్నారు మరి. పది కొట్టేలోపు అందరూ చలువింట్లో ఉండాలి.

సాయంత్రం నా మెడలో బిళ్ళ మాట్లాడింది. "కూర్మయ్యగారూ, మీ కంటి చుక్కలు వచ్చాయి. మందుల కొట్లో తీసుకోండి."

నా కళ్ళు బానే ఉన్నాయి. చుక్కలేసుకునేది పక్కింటి సూరమ్మత్త. కరణానికీ చత్వారం వచ్చిందని నవ్వుకున్నాను.

మార్చి 4. ఎండ 49.

పదికి సైరన్ మోగాక నాలుగింటిదాకా బయటుంటే మనిషి మనిషిగా ఉండడు, వడియమైపోతాడు. పేటంతా ఒకే చలువింట్లో దూరాలి. గుమ్మంలో తిరుగుడు గేటు. మెడలో బిళ్ళ చూపిస్తే ఒక్క మనిషికి తిరుగుతుంది. ఒక బిళ్ళ మీద ఇద్దరు దూరబోతే గంటసేపు బిగుసుకుపోతుంది. నాలుగేళ్ళ కిందట ఒకడు తన మేకని తోసుకుని దూరబోయాడు. వెనకున్నవాళ్ళలో ముగ్గురు పోయారు. మేక బతికింది. అప్పట్నుంచీ ఎవరూ ఆ పని చెయ్యరు.

ఈరోజు సూరమ్మత్తకి గేటు తిరగలేదు.

"ఒలే పైడితల్లీ, ఇది నన్ను సూసి మొకం తిప్పుకుంటందే," అంది మా ఆవిడతో. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఎవరూ లేరు. బిళ్ళని కొంగుతో తుడిచి మళ్ళీ చూపించింది. తిరగలేదు.

"ముసిల్దాన్ని పక్కకి తియ్యండర్రా, కాళ్ళు కాలిపోతన్నాయి," అని వెనకనుంచి, నాకు వరసకి బామ్మర్దయ్యే లోకనాధం అరిచాడు. ముందుకొచ్చి తన బిళ్ళ చూపించాడు. వాడికీ తిరగలేదు.

సైరన్‌కి ఇంకో ఏడు నిమిషాలే ఉంది. ఇద్దర్నీ ఉప్పు కొటారుకి తీసుకుపోయాను. తాటాకు కప్పు, మట్టి గోడలు. గోనెసంచులు తడిపి మీద కప్పాను. నా నీళ్ళ క్యాను అక్కడే పెట్టేసి పరిగెత్తాను.

గేటు నాకు మాత్రం మర్యాదగా తిరిగింది.

నాలుగింటికి వెళ్ళేసరికి ఇద్దరూ ఉన్నారు. లోకనాధం పెదాలు పగిలిపోయాయి. సూరమ్మత్త నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ఆఫీసుకొచ్చి నా చీటీ తెరిచాను. పైన నా పేరు. కింద చిన్న అక్షరాల్లో సూరమ్మ. దాని కింద లోకనాధం.

నిన్న నేను చదవకుండా వేలు పెట్టింది ఆ రెండింటికీ.

మార్చి 5. ఎండ 49.

పొద్దున్న పైడితల్లికి చెప్పాను. చెప్పకుండా ఉండే ధైర్యం లేదు.

పదకొండేళ్ళ కిందట కరణం వచ్చిన కొత్తలో, పది రోజుల్లో ఆరొందల మందిని ఎక్కించమన్నారు. ఉప్పు లాగే చేతులకి గీతలుండవు, ఉప్పు తినేస్తుంది. నాలుగుసార్లు పెట్టినా వేలు కనపడకపోతే పట్నం పెద్దాఫీసుకి పంపమన్నారు. ఆ దారిలో నీడ లేదు. మొదటిరోజు నేను పంపిన పెద్దాయన తిరిగి రాలేదు. రెండోరోజునుంచి ఎవర్నీ పంపలేదు. వేలు పడనివాళ్ళకి నా వేలే పెట్టేశాను. నాది గుమస్తా వేలు, బూరెలా మెత్తగా ఉంటుంది. అప్పట్లో కరణానికి ముద్ర తీసుకోవడమే వచ్చు, పోల్చడం రాదు.

అలా ఇరవై మూడు మందికి. నాతో కలిపి ఇరవై నాలుగు.

పైడితల్లి అంతా విని తన బొటనవేలు చూసుకుంది. ముప్పై ఏళ్ళు ఉప్పు లాగిన వేలు. నున్నగా గాజుపెంకులా ఉంది.

"మరి నాది?"

"అదీ నాదే."

"పెళ్ళిలో నా సెయ్యి పట్టుకున్నావు గానీ, నీ యేలు అంటగట్టేత్తావని నాకెవుడూ సెప్పనేదు," అంది. నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. "ఇప్పుడేటి సేత్తావు?"

ఆఫీసుకెళ్ళి కరణం ముందు కూచున్నాను. మూడో ప్రశ్న వచ్చేసింది. "కనకం. ఆడ. నలభై నాలుగు. ఈ చీటీ కూడా మీదేనా?"

అవునంటే కనకం నాలో కలిసిపోతుంది. కాదంటే వెంటనే కనకం సొంత వేలు పెట్టమంటాడు. అది పడదు. పడకపోతే ఆ చీటీ ఎవరిదీ కాదని చెరిపేస్తాడు. ఏమీ అనకుండా కూచుంటే మూడురోజులు చూసి అవునని రాసుకుంటాడు. మౌనం అర్ధాంగీకారం అని పెద్దలంటారు. కరణం దగ్గర పూర్తి అంగీకారమే.

ఏమీ అనలేదు. మూడురోజులైనా దొరుకుతాయి.

మార్చి 8. ఎండ 50.

కనకం బిళ్ళ చచ్చిపోయింది. పోలినాయుడి పేరు తెర మీదకొచ్చింది. ఒకటి ముగిశాకే ఇంకోటి అడుగుతున్నాడు, మడుల వరస ప్రకారం. లెక్కేసి చూశాను. పోలినాయుడి తర్వాత గవిరమ్మ. గవిరమ్మ తర్వాత పైడితల్లి.

కొటారులో ముగ్గురికీ అసలు సంగతి చెప్పాను. లోకనాధం లేచి నా చొక్కా పట్టుకున్నాడు.

"ఆ యేలు తెగ్గొట్టి పారేత్తాను బావా!"

"తెగ్గొట్టినా ఉపయోగం లేదురా. నేను రాలేదనుకుంటాడు. మూడురోజులయ్యాక అవునని రాసుకుంటాడు."

వాడు వదిలేసి గోడకి ఆనుకుని ఏడ్చాడు. వాణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు. సూరమ్మత్త తడిగోనె కిందనుంచి తల బయటపెట్టింది.

"అంటే నాను ఇప్పుడు నీలో ఉన్నానా అల్లుడూ?"

"చీటీ ప్రకారం ఉన్నావత్తా."

"మరి ఆ సల్లగదిలో నువ్వు కూకుంటే నాకు సల్లగుండాలి కదా. నేదేటి?"

కనకం నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత చలువింట్లో కూచుంటే చల్లగాలి ఒంటికి గుచ్చుకుంది.

మార్చి 9. ఎండ 50.

వారానికోసారి వచ్చే తనిఖీ మేడం, నాగశైలజ గారు, వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. గది తలుపేసి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వెంటనే తన బిళ్ళ మెడలోంచి తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసేసి మొత్తం విన్నారు. తనిఖీ వాళ్ళ బిళ్ళలు వింటాయి.

"ఇది నేను కాయితం మీద పెడితే ఇరవై మూడు చీటీలూ దొంగవని ఒక్కపూటలో కొట్టేస్తారు కూర్మయ్యగారూ. మీరు చెప్పలేదు, నేను వినలేదు."

"మరి వాళ్ళు చచ్చిపోతారు మేడం."

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నారు. "వాళ్ళ వేళ్ళు వాళ్ళకి రావాలి. ఉప్పు ముట్టకుండా నాలుగు వారాలుంటే గీతలు తిరిగొస్తాయి. అప్పుడు కొత్తగా వలసొచ్చినవాళ్ళ కింద ఎక్కిస్తాను. అది నా చేతిలో ఉంది."

"నాలుగు వారాల్లో అందర్నీ కలిపేస్తాడు."

"కరణం ఎవర్ని అడిగాడో ఆ మనిషి వేలు పెట్టి, అది అరిగిపోయి కనపడకపోతే ముప్పై రోజుల గడువుంది. ఆ ముప్పై రోజులూ వాడు ఏదీ కలపడు." నా చేతి వంక చూశారు. "కానీ ఆ మనిషి బిళ్ళ కూడా ఆగిపోతుంది. గడువు లోపల గీతలు చూపించకపోతే ఆ వేలున్న చీటీలన్నీ మూతే. ఇంకోమాట. అరిగీ అరక్కుండా పెట్టకండి. గుర్తుపట్టాడంటే, మీరు అవునన్నట్టే."

సాయంత్రం నా జన్మలో మొదటిసారి ఉప్పుమడిలో దిగాను.

మార్చి 11. ఎండ 51.

పోలినాయుడు పోయాడు. చీటీలోంచే, మనిషి ఉన్నాడు. ఇలా రాయాల్సొస్తోంది.

ఇరవై మూడు మందీ ఉప్పు ముట్టడం మానేశారు. వాళ్ళ మడులు పక్కవాళ్ళు లాగుతున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. వాళ్ళు చేతులకి నూనె రాసుకుని కొత్త పెళ్ళికూతుళ్ళలా కూచుంటున్నారు. నేను తెల్లారకుండా చెక్క పలక పట్టుకుని ఉప్పు లాగుతున్నాను. విరామంలో ఉప్పురాయి మీద బొటనవేలు రుద్దుతున్నాను. మంట తలలోకెక్కుతోంది.

"అలాక్కాదు మావా, మడమ ఆనించి లాగాలి పలక," అని గవిరమ్మ ఒడ్డునుంచి నేర్పింది. "యాభైనాలుగేళ్ళొచ్చాయి, ఉప్పు తినడమే గానీ లాగడం రాదు నీకు."

తెర మీద ఉన్నది ఆవిడ పేరే. ఆవిడకి తెలుసు.

మార్చి 14. ఎండ 51.

ఈరోజు రాయడానికి చెయ్యి రావట్లేదు.

గవిరమ్మ గడువు పొద్దున తొమ్మిదింటికి. నా వేలు ఎర్రగా పుండులా ఉంది. గీతలు కనపడట్లేదు, నాకైతే. పెట్టకపోతే ఎలాగూ పోతుంది, పెడితే కనీసం అవకాశముందని పెట్టాను.

"స్వాగతం కూర్మయ్యగారూ. గవిరమ్మ చీటీ మీదేనని ధ్రువీకరించారు. ధన్యవాదాలు."

ఆవిడ కిటికీ అవతలే నిలబడి వింది. బిళ్ళ తీసి మొలలో దోపుకుని కొటారువైపు నడిచింది. ఇప్పుడు అక్కడ ఐదుగురు.

నేను లేవకముందే తెర మారింది. "పైడితల్లి. ఆడ. యాభై. ఈ చీటీ కూడా మీదేనా?"

మార్చి 15. ఎండ 52.

సూరమ్మత్త పోయింది. పదకొండు, పన్నెండు మధ్యలో. కనకం చెప్పింది: "గోనె ఆరిపోయిందే, కాసిన్ని నీళ్ళు జల్లు" అందట. కనకం నీళ్ళు తెచ్చేసరికి అయిపోయింది. ఆ టైములో నేను చలువింట్లో కంది పచ్చడితో అన్నం తింటున్నాను.

మేడంకి కబురు పెట్టాను. మనిషి పోతే చావు చీటీ రాయాలి, అది గుమస్తాగా నా పని. ఆవిడనుంచి ఒక్క ముక్కే వచ్చింది: రాయొద్దు.

నాకు అర్థమవడానికి కొంచెం పట్టింది. సూరమ్మ చీటీ లేదు. ఉన్నది నా చీటీ. చావు రాస్తే పోయింది నేనవుతాను. నేను పోతే నా వేలున్న అందరూ పోతారు. ఇంకా గేటు తిరుగుతున్నవాళ్ళతో సహా.

కాయితం లేకుండా ఒడ్డున కాల్చాం. ఎవరూ లేని మనిషి కదా, అల్లుడని పిలిచింది కాబట్టి కొరివి నేను పెట్టాను. కరణం లెక్కలో ఈరోజు ఉప్పుమడిపేటలో ఎవరూ పోలేదు.

మార్చి 16. ఎండ 52.

రోజంతా రుద్దాను. ఉప్పుతో, ఇటుకతో, మళ్ళీ ఉప్పుతో. పైడితల్లి పక్కన కూచుని చూస్తోంది. సాయం చేద్దామంటే తను ఉప్పు ముట్టకూడదు.

"రేపు అది నిన్ను గుర్తుపట్టేత్తే?" అంది.

"నువ్వు కొటారుకి. నేనూ నీతో వస్తాను. బిళ్ళ గేటు దగ్గర పారేసి."

"నువ్వు రాకు. ఒక్కరైనా సల్లగుండాలి."

"సూరమ్మత్త అడిగిందిగా. నేను చల్లగుంటే మీకు చల్లగుండదు."

తను నా వేలు తీసుకుని చాలాసేపు ఊదింది. చిన్నపిల్లలకి దెబ్బ తగిలితే ఊదినట్టు.

మార్చి 17. ఎండ 52.

ఎనిమిదీ యాభై. ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని పెట్టాను.

పచ్చలైటు ఒకసారి వెలిగి ఆరింది. అది వెలిగినప్పుడు నాలో ఏం జరిగిందో రాయలేను. నా వేలి కింద మా ఆవిడుంది, గట్టిగా ఒత్తితే పోతుంది అనిపించింది.

"వేలు కనపడటం లేదు. మళ్ళీ పెట్టండి."

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట. నాలుగుసార్లు. ఒకప్పుడు ఇరవై మూడు మందికి ఆ మాట వినిపించాను. నాకు వినపడటం ఇదే మొదలు.

"కూర్మయ్య చీటీ ముప్పై రోజులు నిలుపుదల. సంబంధిత ప్రశ్నలన్నీ నిలుపుదల."

బిళ్ళ మెడలో చల్లారిపోయింది. ఇన్నేళ్ళూ అది వెచ్చగా ఉండేదని కూడా తెలీదు నాకు.

పదికి సైరన్ మోగింది. పైడితల్లికి గేటు తిరిగింది. లోపలికెళ్ళి వెనక్కి చూసింది. నేను కొటారుకి నడిచాను. లోకనాధం పక్కకి జరిగి చోటిచ్చాడు.

"రా బావా. సూరమ్మ సోటు కాళీగుంది."

మార్చి 24. ఎండ 51.

కొటారులో మధ్యాహ్నం మాట్లాడకూడదు, నోరెండిపోతుంది. ఊపిరి ముక్కుతో పీల్చి ముక్కుతోనే వదలాలి. గోనె పూర్తిగా తడపకూడదు, ఉడికిపోతాం. ఇవన్నీ కనకం నేర్పింది. పోలినాయుడు రెండురోజులుగా పిచ్చిమాటలు మాట్లాడుతున్నాడు. తన కాలు నాదంటున్నాడు. నా కాలు తనదంటున్నాడు. మొదట నవ్వాం. ఇప్పుడు నవ్వట్లేదు. నిన్న అరగంటసేపు నేను కూడా, ఈ చెయ్యి ఎవరిది అనుకున్నాను.

ఏప్రిల్ 7. ఎండ 53.

మేడం ఇరవై రెండు మందినీ కొత్తగా వలసొచ్చినవాళ్ళ కింద వరసలో నిలబెట్టారు. పొద్దున ఆరింటికే మొదలుపెట్టారు. నేను కిటికీ బయట నిలబడ్డాను. బిళ్ళ లేనివాడికి ఆఫీసు గుమ్మం కూడా తెరుచుకోదు.

పైడితల్లి మొదట. తన వేలు, యాభై ఏళ్ళలో మొదటిసారి. లైటు పచ్చగా వెలిగి ఆగింది.

"వివరాలు చెప్పండి. భర్త పేరు?"

"కూర్మయ్య."

"ఆ పేరుతో ప్రస్తుతం మనిషి లేరు."

"నేడా?" కిటికీ వైపు వేలు చూపించింది. "మరి ఆ తుండుగుడ్డ కప్పుకుని నిలబడ్డోడు ఎవుడు? నాకు సంబంధం సూడ్డానికొచ్చాడా?"

మేడం నవ్వాపుకోలేక కాయితాలు సర్దుకున్నారు. "ఖాళీగా వదిలేయండి, తర్వాత రాసుకోవచ్చు" అన్నారు.

తొమ్మిదికల్లా పంతొమ్మిది మందికి వేళ్ళు పడ్డాయి. ముగ్గురికి పడలేదు. లోకనాధం వాళ్ళలో ఒకడు. పడినవాళ్ళు తమ పాత చీటీలు తమవి "కాదు" అని కొట్టించుకున్నారు. ఆ ముగ్గురూ ఇంకా నా వేలి కిందే ఉన్నారు.

ఏప్రిల్ 12. ఎండ 53.

మిగిలిన ముగ్గురికీ పడింది. గేటు తిరగ్గానే లోకనాధం లోపలికెళ్ళి, వెంటనే బయటికొచ్చి, మళ్ళీ వెళ్ళాడు. మూడుసార్లు. నాలుగోసారి సైరన్ మోగింది, వెళ్ళిపోయాడు.

కొటారులో ఇప్పుడు నేనొక్కణ్ణే.

ఏప్రిల్ 16. ఎండ 52.

ఈరోజు ముప్పయ్యో రోజు. వేలు మీద గీతలొచ్చాయి. మధ్యలో ఒక మచ్చ ఉంది, గీతలు దాన్ని చుట్టి పోతున్నాయి. ఇది పాత వేలేనని కరణం ఒప్పుకుంటాడో లేదో మేడంకీ తెలీదు. ఒప్పుకోకపోతే సాయంత్రానికి నేను మూత.

మేడం కిటికీలోంచి వేలు పెట్టే పలక బయటికి అందించారు. పెట్టాను.

"స్వాగతం కూర్మయ్యగారూ."

పైడితల్లి నా వీపు మీద గట్టిగా చరిచింది. లోకనాధం కేకేశాడు. బిళ్ళ మెడలో వెచ్చబడింది.

అప్పుడు తెర మారింది. ఒక్క ప్రశ్న మిగిలిపోయిందట. మొదట్లో చదవకుండా పెట్టిన రెండింట్లో లోకనాధం తనది కొట్టించుకున్నాడు, మిగిలినదాన్ని ఇంకోసారి ధ్రువీకరించాలట.

"సూరమ్మ. ఆడ. అరవై ఎనిమిది. ఈ చీటీ కూడా మీదేనా?"

కాదంటే సూరమ్మని తెచ్చి వేలు పెట్టించమంటాడు. పెట్టించలేకపోతే ఎవరిదీ కాని చీటీ అని మొదట్నుంచీ చెరిపేస్తాడు. పుట్టలేదు, ఉప్పు లాగలేదు, గోనె కింద అడిగిన నీళ్ళు అడగలేదు. చనిపోయిందని చెప్పడానికి తెర మీద చోటే లేదు.

"కాదనెయ్యండి కూర్మయ్యగారూ," అన్నారు మేడం మెల్లగా. "మీకే మంచిది. ఈ పొరపాటు ఎప్పటికీ మీ చీటీలో ఉండిపోతుంది."

పైడితల్లి చెయ్యి నా వీపు మీదే ఉంది.

అవును మీద పెట్టాను.

"ధన్యవాదాలు. రెండు చీటీల్లో ఎక్కువ వయసు ప్రకారం మీ వయసు అరవై ఎనిమిదిగా సవరించాం."

పదికి పది నిమిషాలుంది. గేటు నాకు తిరిగింది.